తలల్లేని కానాగంతలు

యూనిఫాం అంటే నాకు చిన్నప్పటి నుంచీ భయమే. బందరులో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తితే చాలు, కాగితాలన్నీ డిక్కీలో ఉన్నా స్కూటీ దిగి తోసుకుంటూ పోయేదాన్ని. చదువుకోడానికి కెనడాలో హాలిఫాక్స్ వచ్చాక ఆ భయం తగ్గకపోగా ముదిరింది. బస్సు డ్రైవర్ నవ్వుతూ పలకరించినా స్టడీ పర్మిట్ అడుగుతాడేమో అనిపించేది. అలాంటి నన్నూ, నాకంటే పిరికిదైన మా అక్కనీ ఒక ఆదివారం చేపల బకెట్ పక్కన నిలబెట్టి ఒక ఆఫీసర్ పేర్లు రాసుకుంది. అప్పుడు పట్టుకున్న వణుకు ఎక్కడికి దారితీసిందో చెప్పాలి.

అక్క నా తోడబుట్టింది కాదు. హాలిఫాక్స్‌కి ఎదుటి ఒడ్డున ఉన్న డార్ట్‌మత్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నాతో గది పంచుకున్న నిజామాబాద్ ఆవిడ. వయసులో నాకంటే బాగా పెద్ద. భర్తా, అప్పుడే బడిలో వేసిన కూతురూ హైదరాబాద్‌లో ఉండేవాళ్లు. తను ఇక్కడ కాలేజీలో డిప్లొమా చదువుతూ వృద్ధుల హోమ్ వంటింట్లో పార్ట్‌టైం చేసేది. భార్య చదువుతుంటే భర్తకి వర్క్ పర్మిట్, పిల్లకి వీసా వచ్చే రోజులవి. వాళ్ల ఫైల్ ఆ వేసవిలోనే వేశారు. అక్క బుర్రలో ముప్పావు భాగం ఆ ఫైలే ఉండేది, మిగతా పావు చేపలు.

ఆ ఏడాది ఊళ్లో ఎటు చూసినా స్టూడెంట్లే. బస్సుల్లో, కాఫీ షాపుల్లో, ఫెర్రీలో మన మాటలే వినపడేవి. ఇంతమందిని ఎందుకు రానిస్తున్నారని టీవీలో చర్చలు జరిగేవి. ఆ చర్చ వినపడితే మేం చానెల్ మార్చేవాళ్లం, మమ్మల్ని లేచి వెళ్లిపొమ్మన్నట్టు ఉండేది మరి.

వేసవి చివర్లో రేవు దగ్గరికి మాకరెల్ చేపలు గుంపులుగా వచ్చేవి. మా బందరులో కానాగంతలంటామే, వాటికి పెద్దక్కల్లాంటివి. ఉప్పునీళ్లలో ఆ చేపకి అప్పట్లో లైసెన్స్ అక్కర్లేదు. మనిషికి రోజుకి ఇరవై దాటకూడదు, చిన్నవి దొరికితే వదిలెయ్యాలి, అంతే రూల్. ఎవరో అమ్మేసిన పాత గాలపు కర్ర ఒకటి కొనుక్కుని ప్రతి ఆదివారం వెళ్లి చెక్కల వంతెన మీద నిలబడేవాళ్లం. చిన్నవేవో పెద్దవేవో చూడటానికి అక్క రేవుకి స్కేలు తెచ్చేది కాదు. రూల్లో ఉన్న పొడవుని ఇంటి దగ్గర ఒకసారి కొలిచి చూసుకుంది, తన జానెడు మీద రెండు వేళ్లు. పడిన ప్రతి చేపనీ అరచెయ్యి చాపి కొలిచి, వేళ్లు తక్కువైతే "పో తల్లీ, పెరిగి రా" అని నీళ్లలో వేసేది.

అక్కడే మాకొక అంకుల్ పరిచయమయ్యారు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి, అక్కణ్నుంచి ఇక్కడికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డ మనిషి. ఖరీదైన కర్ర, మడత కుర్చీ, నెత్తిన టోపీ. ఆయనకీ అక్కకీ వారం వారం చేపల సైజు మీద పోట్లాటే.

"చూడమ్మా, చిన్న చేప ఒక్కసారైనా గుడ్లు పెట్టాక పట్టాలి, లాజిక్ అది. నన్నడిగితే సైజు ఇంకా పెంచాలి, ఇరవైని పదికి దించాలి" అనేవారాయన.

"గట్లెట్ల అంకుల్? పెద్దదాని కడుపులనే గద గుడ్లుండేది. తల్లిని కూర వండుకోమంటరు, పిల్లను ఇడ్సిపెట్టమంటరు. తల్లి లేకుంట పిల్లలు ఏడికెల్లి వస్తయి?"

"గాలం మింగినదాన్ని పీకి వదిలితే అది మాత్రం బతుకుతుందా అంకుల్?" అని నేనూ ఓ చెయ్యి వేసేదాన్ని.

ఆయనకి విసుగొచ్చేది. "మీరిలా బకెట్లు పట్టుకుని తిరుగుతుంటే ఇక్కడివాళ్లు మనందర్నీ ఒకే గాటన కడతారు. మేం ఇన్నేళ్లుగా సంపాదించుకున్న పేరమ్మా ఇది" అనేవారు. ఆ 'మీరు' అన్న మాటకి నాకు ఒళ్లు మండేది. ఆయనకీ ఏదో భయం ఉందని అప్పట్లో తోచలేదు.

ఇక చేపలు బాగుచేసే సంగతి. ఇంట్లో చేపలు కడగకూడదు, నీచు వాసన రాకూడదు అని మా ఓనరమ్మ మొదటి రోజే చెప్పేసింది. వండుకున్న రోజు వాసన పైకి పోకుండా తలుపుల కింద తువ్వాళ్లు కుక్కేవాళ్లం. అందుకని అక్క చేపల్ని రేవు దగ్గరే బాగుచేసేది. మన మార్కెట్లో ఎవరైనా చేపని చేపలా ఇంటికి తెచ్చుకుంటారా? అక్కడే పొలుసు తీయించి, ముక్కలు కొట్టించి తెచ్చుకుంటాం. అక్క ఊరి నుంచి సూట్‌కేసులో మడత కత్తిపీట తెచ్చుకుంది. నీళ్ల పక్క బండ మీద కూర్చుని, పీటని కాలితో తొక్కిపట్టి, తల ఒక దెబ్బ, తోక ఒక దెబ్బ, పొట్ట చీల్చి ఒక్క ఊడ్పు. తలలూ తోకలూ సముద్రపు కాకులకి. దారినపోయే తెల్లవాళ్లు ఆగి చూసేవాళ్లు, కొందరు ఫోటోలు కూడా తీసేవాళ్లు. అక్కకి అదో గర్వం.

ఆ ఆదివారం అక్క ఆఖరి చేప కోసి చేతులు కడుక్కుంటోంది. వెనక బూట్ల చప్పుడైంది. తిరిగి చూస్తే ముదురాకుపచ్చ యూనిఫాం, నడుముకి బెల్టు, బెల్టుకి ఏవేవో వేలాడుతున్నాయి. ఫిషరీ ఆఫీసర్. ఆడమనిషే, గొంతు కూడా మెత్తగానే ఉంది. అయినా నేను అక్క వెనక్కి జరిగాను.

ఎన్ని పట్టారని అడిగింది. చూపించాం. లెక్క పెట్టింది, ఇద్దరికీ కలిపి హద్దు లోపలే ఉన్నాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడామె జేబులోంచి కొలతపట్టీ తీసి, ఒక చేపని పట్టుకుని ఆగిపోయింది. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి? తల లేదు, తోక లేదు.

"తలలేవి?" అని అడిగింది.

అక్క ఆకాశం వైపు చూపించింది. కాకులు ఇంకా అరుస్తూనే ఉన్నాయి.

ఒడ్డున ఉన్నంతసేపూ చేపని తలతో తోకతో ఉంచాలట. కొలవడానికి వీల్లేకుండా కోయడమే తప్పట. అది మాకు ఎవరూ చెప్పలేదు. అక్క గాలిలో జానెడు చాపి, దాని మీద రెండు వేళ్లు పెట్టి, "మెజర్, మేడమ్, ఐ మెజర్ ఎవ్రీ ఫిష్" అంటోంది. కంగారులో రెండు వేళ్లు మూడయ్యాయి. ఆమె మా ఐడీలు అడిగి పేర్లు రాసుకుంది, బకెట్‌కి ఫోటో తీసింది, చేపల్ని సంచిలో వేసుకుంది. తన కార్డు ఒకటి అక్క చేతికిచ్చి, ఏదైనా ఉంటే మేమే ఫోన్ చేస్తాం అని చెప్పి వెళ్లిపోయింది. కుర్చీలో కూర్చున్న అంకుల్ ఇదంతా చూస్తూనే ఉన్నారు, కానీ లేవలేదు. ఆమె కారెక్కాక మా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నారు.

"పేరు రాసుకుందా? అయ్యో. రికార్డ్‌లో పడుతుందమ్మా. ఇమ్మిగ్రేషన్ వాళ్లకి అన్నీ కనపడతాయి."

ఆయనకి నిజంగా తెలిసి అన్నారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ ఒక్క మాటతో మా గదిలో నిద్ర కరువైంది. అక్కకి ఫోన్ మోగితే ఉలికిపాటు, మోగకపోతే దిగులు. మనకి అలవాటైన ఆఫీసర్లు 'ఫోన్ చేస్తాం' అన్నారంటే కొంప మునిగినట్టే లెక్క. ఈ ఊరి నెంబరేది వచ్చినా తను ఎత్తేది కాదు, నా చేతికిచ్చి బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకునేది. ఫోన్లో ఉన్నది పిజ్జా వాడని నేను అరిచి చెబితే తప్ప బయటికి వచ్చేది కాదు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

"ఆ కార్డు మీద నెంబరుంది కదక్కా. మనమే చేసి అడుగుదాం" అన్నాను ఒకసారి.

"వద్దు వద్దు. ఆమె మర్సిపోయిందేమో. మనం ఫోన్ జేస్తే మనమే యాదికి తెచ్చినట్టయితది" అంది.

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. భయపడే మనిషి పక్కన ఉంటే భయం సబబుగానే తోస్తుంది. వీడియో కాల్‌లో కూతురు "అమ్మా, విమానం ఎప్పుడెక్కాలె?" అని అడిగేది. "జల్ది బిడ్డా" అనేది అక్క. కాల్ అయ్యాక తల తిప్పుకుని, "చాపల కోసం పిల్లను పోగొట్టుకుంటనేమో" అనేది. ఎన్నిసార్లు అందో చెప్పలేను. నేనేం చెప్పినా ఎక్కేది కాదు.

చలి మొదలయ్యాక రేవు గోడ మీద ఒక కాగితం కనపడింది. వచ్చే ఏడాది చేపల హద్దులు ఎలా ఉండాలో మాట్లాడుకోడానికి కమ్యూనిటీ హాల్లో మీటింగ్, ఎవరైనా రావచ్చు, ఫిషరీ ఆఫీసర్లు కూడా ఉంటారు. నేను తల తిప్పుకుని నడిచాను. అక్క మాత్రం అక్కడే నిలబడిపోయింది. "పోదాం. ఇగ నాతోని కాదు. ముఖం మీదనే అడుగుత" అంది.

హాల్లో మా రంగువాళ్లు మేమిద్దరం, అంకుల్, అంతే. చివరి వరసలో, తలుపుకి దగ్గరగా కూర్చున్నాం. ఒక పెద్దాయన లేచి, వ్యాపారానికి పట్టే పెద్ద పడవలకి మాకరెల్ ఆపేశారు, మాకింకా ఇరవై ఎందుకు, అన్నాడు. ఇంకొకాయన ఎర్రబడి, మా తాత బకెట్ నింపేవాడు, మా నాన్న నింపేవాడు, నేను నింపితే సముద్రం ఖాళీ అయిపోతుందా అన్నాడు. సముద్రంలో సీల్ జంతువులు తినేదాని సంగతేమిటని ఒకామె అరిచింది. తర్వాత ఎవరో, ఈమధ్య రేవు నిండా కొత్తవాళ్లు, బకెట్లు బకెట్లు పట్టుకుపోతున్నారు, వాళ్లకి హద్దు ఎవరు చెబుతారు, అన్నారు. కొన్ని తలలు మా వైపు తిరిగాయి. అంకుల్ లేచి, చక్కటి ఇంగ్లీషులో, సైజు పెంచాలి, కొత్తవాళ్లకి నేర్పాలి అని చెప్పి, మా వైపు చూడకుండా కూర్చున్నారు.

అక్క చెయ్యెత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగబోయాను, అప్పటికే లేచి నిలబడింది.

"బిగ్ ఫిష్ ఈజ్ మదర్, సర్. యూ టేక్ మదర్, లీవ్ బేబీ. వై?"

వేదిక మీదున్నాయన తల ఊపి, మంచి ప్రశ్న అన్నాడు. మరీ చిన్నవాటితోపాటు మరీ పెద్దవాటినీ వదిలెయ్యాలనే పద్ధతి కొన్నిచోట్ల కొన్ని చేపలకి ఉందని, మాకరెల్‌కి అది పనికొస్తుందో లేదో ఇంకా తేల్చుకోవాలని వివరించాడు. అక్క వినలేదు. తన కళ్లు గోడ పక్కన నిలబడ్డ ఆ ఆఫీసర్ మీదే ఉన్నాయి.

మీటింగ్ అయ్యాక అందరూ కాఫీ దగ్గరికి కదిలారు. మేం ఆమె ముందుకెళ్లి నిలబడ్డాం. అక్క నన్ను ముందుకి నెట్టింది, నేనే చెప్పాల్సొచ్చింది. రేవు దగ్గర, బకెట్, తలల్లేని చేపలు. ఆమె కాసేపు గుర్తు తెచ్చుకుని పకపకా నవ్వింది.

"ఓ, అదా! అది ఆ రోజుతోనే అయిపోయింది. హెచ్చరికతో సరిపెట్టాను. ఏదైనా ఉంటేనే ఫోన్ చేస్తామన్నాను కదా. ఇకనుంచి తలలు ఉంచండి, చాలు."

అది ఇమ్మిగ్రేషన్‌కి వెళ్తుందా అని నేను రెట్టించి అడిగాను. చేపలు కోసినందుకా అని ఆమె ఆశ్చర్యపోయింది. నాకు అక్కడే గంతులేయాలనిపించింది. అక్క "థాంక్యూ మేడమ్" అంది. ఆ థాంక్యూలో సంతోషమేమీ లేదు.

తిరుగు ఫెర్రీలో మనుషులు పెద్దగా లేరు. పీడ విరగడైందక్కా, ఇవాళ బిర్యానీ తెప్పించుకుందాం అని నేను వాగుతూనే ఉన్నాను. అక్క కిటికీ అద్దానికి నుదురు ఆనించి కూర్చుంది.

"పోయిన వారమే ఫైల్ వాపస్ తీసుకున్నం" అంది.

"ఎందుకక్కా?" అన్నాను.

"ఇట్ల పేరు రాసుకున్నరని చెప్తే మా ఫైల్ వేసిన వీసా కన్సల్టెన్సీ ఆయన భయం పెట్టిండు. రిజెక్ట్ అయితే జన్మంత మచ్చ పడ్తది, ఇప్పుడు విత్‌డ్రా చేస్కోని కేస్ క్లియర్ అయినంక మళ్ల వేస్కోండ్రి అన్నడు. నేనే తీసెయ్యమన్న. నీకు చెప్తె తిడ్తవని చెప్పలే."

పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మళ్లీ వేద్దాంలే అన్నాను. వేద్దామనే చూశారు. మెడికల్ మళ్లీ చేయించి, బ్యాంకు కాగితాలు మళ్లీ పోగేసి, అంతా సిద్ధం చేసేసరికి వసంతం వచ్చింది, రూల్ మారింది. కాలేజీలో డిప్లొమా చదివేవాళ్ల భర్తలకి ఇక వర్క్ పర్మిట్ లేదు. భర్త రాకుండా పిల్ల ఒక్కతే ఎలా వస్తుంది? స్టూడెంట్ల సంఖ్యకి కూడా ఆ ఏడాదే హద్దు పెట్టారు. టీవీలో ఆ వార్త వచ్చినప్పుడు మేం చానెల్ మార్చలేదు.

అక్క చదువు పూర్తయి, ఉద్యోగం దొరికి, దాని మీద మళ్లీ అప్లై చేసుకుని, చివరికి వాళ్లు దిగిన రోజు ఎయిర్‌పోర్ట్‌కి నేనూ వెళ్లాను. పిల్ల పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. వాళ్ల నాన్న ముందుకి తోస్తే వచ్చి, ఇంటికొచ్చిన చుట్టాలకి పెట్టినట్టు రెండు చేతులూ జోడించింది. "నమస్తే. బాగున్నరా?" అంది వాళ్ల అమ్మని.

"బాగున్న బిడ్డా. నువ్వెట్లున్నవ్?" అంది అక్క.

జవాబు చెప్పొచ్చా అని పిల్ల వాళ్ల నాన్న ముఖం చూసింది.