మాట్లాడేది నేను

చందూలాల్‌కు అన్నిటి మీదా ఒక అభిప్రాయం ఉండేది. అడిగినవాడికి చెప్పేవాడు, అడగనివాణ్ని ఆపి మరీ చెప్పేవాడు. జనగామ సినిమా హాల్లో ముప్పై రెండేళ్లు ఆపరేటర్‌గా పనిచేసిన మనిషి. చీకటి గదిలో, మిషను రొదలో కూర్చుని గోడకున్న చిన్న కంతలోంచి లోకాన్ని చూసినవాడు. అలాంటివాడి దగ్గర అభిప్రాయాలు కాక ఇంకేముంటాయి?

సినిమాలో నెత్తురు మరీ ఎర్రగా ఉంటుందనేది ఆయన మొదటి ఫిర్యాదు. ఒక దసరా నాడు టికెట్ల వరుసలో ఒకడు ఇంకొకడి పొట్టలో సైకిల్ పుల్ల దించాడు. ఆ పడినవాణ్ని మెట్ల మీంచి మోసుకుపోయింది చందూలాలే. గంట తిరిగేసరికి ఆయన చొక్కా మీది మరక నల్లబడింది, గుడ్డ అట్టలా బిగుసుకుంది. "తెర మీద వందమందిని నరికినా హీరో చొక్కా ఇస్త్రీ నలగదు. అసలు దెబ్బ ఎలా ఉంటుందో ఆ తీసేవాడికి తెలిస్తే కదండీ" అనేవాడు.

పాటల విషయంలో ఇంకా మొండి. సినిమా పాట అంటే బీడీ కాల్చుకోవడానికి దొరికిన వ్యవధి అని ఆయన ఉద్దేశం. వాళ్ల లంబాడీ తండాలో పెళ్లికూతురు అత్తింటికి పోయేముందు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది చూడండి, సంగీతం అంటే అదేనట. తెలంగాణ ఉద్యమం వచ్చాక వీధుల్లో డప్పుల మీద పాటలు మొదలయ్యాయి. అవి బాగున్నాయని ఒప్పుకున్నాడు గాని ఊరికే ఒప్పుకోలేదు. "బాగున్నాయండీ. అదే భయం. ఆ డప్పు పది నిమిషాలు వింటే చెయ్యి దానంతట అదే రాయి వెతుక్కుంటుంది."

రాజుల సినిమా వచ్చిన వారం మాత్రం మొహం మాడ్చుకుని తిరిగేవాడు. నైజాం కాలంలో సర్కారు అడవిలో ఆవులు మేపాడని వాళ్ల బాపును గుంజకు కట్టి కొట్టారు. వీపు మీద తోలు లేచిపోయింది, ఎడమ చెయ్యి మళ్లీ చచ్చేదాకా పైకి లేవలేదు. రాజు మంచివాడే, కిందివాళ్లే దుర్మార్గులు అని ఎవరైనా అంటే చందూలాల్‌కు అరికాలి మంట నెత్తికెక్కేది. "కొట్టిన చెయ్యి ఎవరిదైతేనేమండీ, అది తిన్నది రాజుగారి కూడే కదా."

ప్రయాణం గురించి కూడా ఒక సూత్రం ఉంది. కాళ్లు లాగినా సరే నిలబడి పోవాలి గాని, బస్సులో కిటికీ పక్కన కూర్చోకూడదు. ఉద్యమం రోజుల్లో రాళ్లు ముందుగా పలకరించేది కిటికీ సీటునే. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక పెద్దాయన చెవి తెగి ఒళ్లో పడటం కళ్లారా చూశాకే ఆ సూత్రం పెట్టుకున్నాడు.

ఇంతకీ ఈ 'అండీ'లు ఎక్కడివని మీకు అనుమానం రావాలి. దేవరుప్పుల పక్క తండాలో పుట్టినవాడికి, ఇంట్లో లంబాడీ తప్ప మాట్లాడనివాడికి ఇవి ఎలా అలవడ్డాయి? పద్దెనిమిదేళ్లకు జనగామ వచ్చేదాకా ఆయనకు తెలుగు నాలుగు ముక్కలకు మించి రాదు. తరవాత నేర్పింది తెరే. రోజుకు నాలుగు ఆటలు, ఏడాదికి ఎన్ని ఆటలో మీరే వేసుకోండి. హాలు బయట జనం మాట్లాడే తెలుగు ఆయన చెవిన పడకపోలేదు. కానీ అది అసలు తెలుగు కాదని ఆయన అభిప్రాయం. తెర మీద ఆ మాట వచ్చేది రౌడీ నోట, లేదంటే నవ్వించేవాడి నోట. నవ్వించేవాడు కళ్లెగరేసి, మాట సాగదీసి "గిట్ల, గట్ల" అంటే హాలంతా నవ్వేది. కింద కూర్చుని నవ్వేవాళ్లంతా రోజూ ఆ మాట మాట్లాడేవాళ్లే. పైన గదిలో చందూలాల్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. ఈ విషయంలో నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే.

"నీ నోరే ఏదో ఒకరోజు నిన్ను తన్నిస్తుంది" అని భార్య గంగాబాయి వాళ్ల భాషలో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ఉద్యమం రెండో ఏడు, పత్తి ఏరే రోజులు. ఒకే ప్రింటును జనగామ హాలూ మానుకోట హాలూ చెరొక వారం ఆడించుకునేవి. కాగితాల మీద మహబూబాబాద్ అని ఉన్నా ఆ ఊరిని అందరూ మానుకోట అనే అంటారు. రీళ్ల డబ్బాల వెంట సినిమా కంపెనీ మనిషి శామ్యూల్ తిరిగేవాడు. గుంటూరు అవతలి పల్లె, ముప్పై ఏళ్లవాడు, మెత్తని మనిషి. ఆ వారం రోడ్ల బంద్. బస్సుల్లేవు. మానుకోట ఆపరేటర్ భయపడి ఊరు విడిచి పోయాడు. డబ్బాలతో పాటు ఆట వేయడానికి చందూలాల్ కూడా రావాలని కబురొచ్చింది.

"రెండు రోజులు ఆగుదామండీ, దారిలో ఆంధ్రా మనుషుల్ని దింపి కొడుతున్నారంట" అన్నాడు శామ్యూల్.

చందూలాల్ ఛాతీ విరుచుకున్నాడు. "మీరు నోరు విప్పకండి. మాట్లాడేది నేను. ఈ గడ్డ మీద పుట్టినవాణ్ని, నన్నెవరు ఆపుతారండీ?"

పోశయ్య ట్రాలీ ఆటోలో డబ్బాలు ఎక్కించుకుని బయల్దేరారు. దేవరుప్పుల, పాలకుర్తి దాటారు. తొర్రూరు దాటాక, మధ్యాహ్నం రెండింటికి, రోడ్డుకు అడ్డంగా టైర్లు తగలబడుతున్నాయి. ఒక పక్క ఆడవాళ్లు రాళ్ల పొయ్యిలు పెట్టి, నడిరోడ్డు మీద వంట చేస్తున్నారు. ఆ రోజుల్లో అదొక నిరసన. ఇంకో పక్క నలభైమంది యువకులు, చేతుల్లో కర్రలు. పోశయ్య ఆటో ఆపాడో లేదో దూకి పత్తిచేలో పడి పరుగెత్తాడు. ముగ్గురిలో వాళ్ల మాట వచ్చినవాడు అతనొక్కడే, అక్కడే సగం చెడింది.

ముందున్నవాడి పేరు వెంకట్. డబ్బాల మీద తెల్లరంగుతో రాసిన 'విజయవాడ'ను చదివి, అడిగాడు. "ఏడికెళ్లి వస్తున్నరు?"

"జనగామ నుండి వస్తున్నామండీ. మానుకోట వెళ్లాలి. దయచేసి దారి ఇవ్వండి బాబూ."

వెనకెవడో "అండీ అంట" అన్నాడు. ఇంకెవడో "ఆంధ్రోడే" అన్నాడు. కాలరు పట్టి ఆటోలోంచి ఈడ్చారు.

చందూలాల్‌కు వీళ్లలా మాట్లాడితే చాలు, బతుకుతాను అని తట్టింది. కానీ ఆ మాట ఆయన నాలుక మీద ఎన్నడూ నడిచింది కాదు. భయంలో వెతుక్కుంటే దొరికింది ఒక్కటే, తెర మీద విన్నది. కళ్లు వాటంతట అవే ఎగిరాయి, గొంతు దానంతట అదే సాగింది. "ఏందిరా బయ్... గిట్ల పరేషాన్ జేస్తున్రు... నేను గిక్కడోన్నే వయా."

నవ్వించేవాడి గొంతు, నవ్వించేవాడి మొహం. అచ్చు దిగింది. ముప్పై ఏళ్లుగా హాళ్లలో తమ మీద నవ్వించిన ఆ మాటను నలభైమందీ గుర్తుపట్టారు.

"మమ్ములనే ఎక్కిరిస్తున్నవా?" అన్నాడు వెంకట్, గట్టిగా కూడా అనలేదు. మొదటి దెబ్బ మెడ ఎముక మీద పడింది. రెండోది మూతి మీద. మూడు పళ్లు నోట్లోనే ఊడి గొంతుకు అడ్డం పడ్డాయి. కిందపడితే లేపి కొట్టారు, లేస్తే కిందపడేసి కొట్టారు. సైకిల్ చైను వీపు మీద ఎక్కడ పడితే అక్కడ చొక్కాతో పాటు తోలూ లేచింది. డబ్బాలు బద్దలుకొట్టి రీళ్లు లాగి టైర్ల మంటలో వేశారు. ఫిల్ము మండలేదు, ముడుచుకుపోయి కంపు కొట్టింది. శామ్యూల్ ఆటో చక్రం పక్కన మోకాళ్ల మీద, చేతులు నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు. నోరు విప్పవద్దన్నారు కదా, విప్పలేదు.

ఎవడో సీసా మూత తీశాడు. చల్లగా తలమీంచి పెట్రోలు కారి, చిట్లిన పెదవులను కాల్చింది. అప్పుడు చందూలాల్‌కు సినిమా తెలుగూ పోయింది, ఏ తెలుగూ మిగల్లేదు. "యాడీ" అని అరిచాడు. లంబాడీలో అమ్మ. "ఏ యాడీ, యాడీ."

పొయ్యి దగ్గరి నుంచి ఒక ఆడమనిషి గరిటె పారేసి పరుగెత్తుకొచ్చింది. పేరు బుజ్జి. ఆమె తమ్ముడు సక్రు రెండు నెలల కింద తెలంగాణ కోసమని ఒంటికి నిప్పంటించుకున్నాడు. వారం రోజులు దవాఖానలో ఉండి ఆమె చేతుల్లోనే పోయాడు. అందుకే ఆమె వస్తే ఆ యువకులు పక్కకు తప్పుకుంటారు. అందరినీ నెట్టుకుని వచ్చి చందూలాల్ మీద అడ్డంగా పడింది. పెట్రోలు ఆమె చీరకూ అంటింది.

"పెట్టుర్రి అగ్గి. ఇద్దరినీ కాలపెట్టుర్రి. సక్రు కాలింది సాల్లేదా మీకు?"

"అక్కా, ఆంధ్రోడు" అన్నాడు వెంకట్.

"మా జాతోడు. అమ్మను పిలుస్తుండు, నీకు సమజ్ గాదు."

ఎత్తిన కర్రలు దించారు. వెంకట్ మొహం పాలిపోయింది. "మరి గట్లెందుకు మాట్లాడిండు?"

"పండ్లు రాలగొట్టినంక అడుగుతున్నవా తమ్మీ?"

సిగ్గుపడినవాడికి కోపం తీర్చుకోవడానికి ఇంకొకడు కావాలి. వెంకట్ శామ్యూల్ జుట్టు పట్టి లేపాడు. "మరి వీడెవడు? మాట్లాడురా. పేరు చెప్పు." శామ్యూల్ పెదవులు కదిలాయి. నోరు తెరిస్తే ఏం వస్తుందో చందూలాల్‌కు తెలుసు.

చందూలాల్ నెత్తురు ఉమ్మి తల ఎత్తాడు. కళ్లెగరేసే ఓపిక లేదు, గొంతు సాగదీసే ఊపిరి లేదు. మాట మామూలుగా వచ్చింది. "గాడు నా అల్లుడు బిడ్డా. మాట రాదు గానికి. మూగోడు. ఇడ్సిపెట్టు."

ఆ దారిలో ఏ ముసలాయన అన్నా అలాగే అంటాడు. అంత సొంతంగా వచ్చింది. ఆయన జీవితంలో సరిగ్గా పలికిన మొదటి తెలంగాణ మాట అదే, అదీ అబద్ధం. ఆయన అసలు అల్లుడు కుమార్ ఆ వేళకు భూపాలపల్లిలో బొగ్గుబాయిలోకి దిగి ఉంటాడు.

వెంకట్ బుజ్జి వైపు చూశాడు. "నిజమేనా అక్కా?"

బుజ్జి శామ్యూల్‌ను పైనుంచి కిందికి చూసింది. "మామ చెప్తుండు గద. వదులు."

వదిలారు. ఒకడు ఆటోను పక్కకు తిప్పి పెట్టాడు, ఒకడు పోశయ్యను వెతకడానికి చేలోకి పోయాడు. వెంకట్ చందూలాల్ కాళ్ల దగ్గర వంగి "మాఫ్ జెయ్ బాపూ" అన్నాడు. దేని మీదైనా అభిప్రాయం చెప్పే ఆ మనిషి నోట్లోంచి ఊడిన పన్ను ఒకటి తీసి దుమ్ములో పడేశాడు.

బుజ్జి బిందె తెచ్చి ఆయన తల మీంచి నీళ్లు పోసి పెట్రోలు కడగసాగింది. కడుగుతూ వాళ్ల భాషలో అడిగింది. ఏ తండా పిల్లనిచ్చావు అన్నా ఈ మూగవాడికి?

అబద్ధం చెప్పవచ్చు. కానీ సొంత భాషలో, ఆ చేతుల కింద, ఆయనకు అబద్ధం రాలేదు. మూగవాడు కాదమ్మా, గుంటూరు అవతలివాడు అని చెప్పాడు.

బిందె ఆగిపోయింది. నలభైమంది ఇరవై అడుగుల దూరంలో ఉన్నారు. వాళ్లకు ఈ భాష తెలియదు, కానీ ఆమె ఒక్క కేక వేస్తే చాలు. ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి, అవి తమ్ముడి కోసమో, తెలియక తను మోసిన అబద్ధం కోసమో చందూలాల్‌కు తెలియలేదు. తరవాత శామ్యూల్ దగ్గరికి పోయి దోసిలి పట్టమని సైగ చేసింది. అతను దోసిలి పట్టాడు, ఆమె నీళ్లు పోసింది.

"తాగు" అంది తెలుగులో, అతనికొక్కడికే వినబడేలా. "ఊరు దాటేదాకా మూగోనిలెక్కనే ఉండు."