పటంలో లేని పన్నెండో సమాధి

దెయ్యాల్ని నమ్మే మనిషినైతే నా ఉద్యోగం ఏడాది కూడా చేయలేకపోయేవాణ్ణి. పురావస్తు కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. పాత సమాధులు కొలిచి పటాలు గీయడం నా పని. ఎముకల పక్కన టేపు పరిచి కొలతలు రాసుకున్న చేతులే కడుక్కుని, అక్కడే టిఫిన్ డబ్బా విప్పి అన్నం తినేవాణ్ణి. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు.

తొంభైల మధ్యలో మేము అశోక్ నగర్‌లో ఒక మేడ కింద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. పైనంతా గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్ళు. పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. అక్కడి కూలీలంతా పాలమూరు నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళలో బాలమ్మ అనే ఆమె రోజూ మా ఇంటికి మంచినీళ్ళకు వచ్చేది. గడప దాటి లోపలికి ఎప్పుడూ వచ్చేది కాదు.

ఆ ఎండాకాలం నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న ఊరి నుంచి బడిపంతులు మా కార్యాలయానికి ఉత్తరం రాశాడు. ఒక రైతు చెలకలో మోటారు కోసం గుంత తవ్వుతుంటే పాత కుండలు బయటపడ్డాయట. మా అధికారి వేణుగోపాల్ గారూ నేనూ వెళ్ళాం. చెలక పక్క మిట్ట మీద పెద్ద రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. ఊళ్ళో వాటిని రాకాసి గుళ్ళంటారు. నిజానికి అవి వేల ఏళ్ళనాటి సమాధులు.

మూడు రోజులు ఎండలో కొలిచాను. మొత్తం పదకొండు. అన్నింటినీ ఎవరో ఎప్పుడో లంకెబిందెల ఆశతో తవ్వేశారు. లోపల ఏమీ మిగల్లేదు. ఆ మిట్టను పగలగొట్టి కంకర చేసుకుంటామని కంకర మిషన్ వాళ్ళు అప్పటికే దరఖాస్తు పెట్టుకున్నారు.

"ఖాళీ గుంతలను చూపించి ఏమని ఆపుతామయ్యా? సోమవారం నువ్వు పటం ఇచ్చేయ్, అభ్యంతరం లేదని రాసేద్దాం" అన్నారు వేణుగోపాల్ గారు. పంతులు మాత్రం బస్సు దాకా వచ్చి, "సార్, జర ఆగుండ్రి. ఒక్కసారి రాళ్ళు పోతే మళ్ళ రావు" అని బతిమాలాడు. నేను బస్సెక్కేశాను.

ఆదివారం పొద్దున పది గంటలకు ముందు గదిలో నేల మీద పటం పరుచుకుని ఇంకు వేస్తున్నాను. నా భార్య సరళ గడప దగ్గర బాలమ్మ బిందెలో నీళ్ళు పోస్తోంది. బాలమ్మ ఉన్నట్టుండి గడప దాటి వచ్చి, పటానికి అవతలి వైపు కూర్చుంది. ఆమెకు చదువు రాదు. పైగా ఆమె కూర్చున్న వైపు నుంచి పటం తలకిందులుగా కనిపిస్తుంది. తడి వేలు తీసుకెళ్ళి, నేను ఏమీ గీయని ఖాళీ జాగాలో పెట్టింది.

"ఈడ ఒకటి ఇడిసిపెట్టినవ్ సారూ. సిన్నది. పిల్లది."

"ఏ పిల్ల?" అన్నాను.

"సేతులకు గాజులున్నయ్. ఆ పిల్లను లారీల ఎయ్యనియ్యకు."

అరిచినట్టు కాదు, ఏడ్చినట్టూ కాదు. మామూలుగా చెప్పింది. లేచి బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. కాగితం మీద తడి మచ్చ మిగిలింది. అది ఆరిపోకముందే దాని చుట్టూ పెన్సిల్‌తో గీశాను. ఎందుకు గీశానో తెలియదు.

నేను నవ్వేయబోయాను. సరళ నవ్వలేదు. "వెళ్ళి చూసి రండి. పోయేదేముంది?" అంది.

సోమవారం పటం ఇవ్వలేదు. ఒక కొలత అనుమానంగా ఉందని చెప్పి బస్సెక్కాను. పంతుల్నీ రైతునీ వెంటబెట్టుకుని, పెన్సిల్ గుర్తుకు రెండు రాతి వలయాల నుంచి ఎంత దూరమో లెక్కకట్టి నేల మీద కొలిచాను. అక్కడ ముళ్ళపొదలు తప్ప ఏమీ లేవు. రైతు గడ్డపార దించాడు. మోకాలి లోతులో రాయి తగిలింది. పక్కన ఇంకో రాయి, దాని పక్కన మరొకటి. గుండ్రంగా తిరిగాయి. అక్కడితో ఆపించి, వేణుగోపాల్ గారికి ఫోన్ చేశాను.

తర్వాతి వారం ఆయన సమక్షంలో పద్ధతి ప్రకారం తవ్వాం. ఎవరి చెయ్యీ పడని సమాధి. నడుమ చిన్న కుండ, అందులో పసిపిల్ల ఎముకలు, రెండు శంఖపు గాజులు. నా మూడు వేళ్ళు కూడా దూరనంత చిన్నవి. వేణుగోపాల్ గారు వాటిని తనే కొలిచి రాసుకున్నారు. ఆ సాయంత్రమే కలెక్టరుకు రాశారు. కంకర మిషన్ రాలేదు. మిట్ట చుట్టూ కంచె వేశారు.

తిరిగి రాగానే బాలమ్మను అడిగాను. నా ముఖంలోకి వింతగా చూసింది. "నేనెప్పుడన్న సారూ? నీళ్ళకొచ్చిన, నీళ్ళు వట్టుకవోయిన. అంతే." ఆ ఊరి పేరే వినలేదంది. దాస్తున్నట్టు లేదు. కుండలో పిల్ల సంగతి చెప్పాను. ఇసుక కుప్ప మీద కూర్చుండిపోయింది. "ఏ తల్లి పెట్టుకుందో" అని కళ్ళొత్తుకుని, తట్ట ఎత్తుకుంది. ఆ కట్టడం పూర్తవగానే వాళ్ళంతా వెళ్ళిపోయారు. ఎక్కడికో తెలియదు.

నివేదికలో ఒక గడి ఉంటుంది, సమాధిని ఎలా గుర్తించారో రాయాలి. నారాయణగూడలో పటం ప్రింట్లు తీయించుకుని వచ్చిన రోజు ఆ గడి నింపాల్సి వచ్చింది. చివరికి "క్షేత్ర పరిశీలనలో బయటపడింది" అని రాశాను. నా సర్వీసులో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. దాన్ని కొట్టేసి అక్కడ ఏం రాయాలో ఇప్పటికీ నాకు తెలియదు.