ఆ మాట అన్నది నేనే

పోయిన మంగళవారం ఉదయం గుంటూరులో మా కాలేజీ మెట్లెక్కుతుండగా హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. యూనివర్సిటీ క్రిమినాలజీ డిపార్ట్‌మెంట్ గుమస్తా. "మేడమ్, మన హెడ్ మేడమ్ పోయిన్రు. పొద్దుగాల ఛాయ్ తాగుతనే ఒరిగిపోయిన్రంట" అన్నాడు. ఫోన్ సంచిలో వేసుకున్నాను. తర్వాత క్లాసుకు వెళ్ళి పాఠం చెప్పాను. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. మధ్యాహ్నం బస్సెక్కాను.

హెడ్ మేడమ్ అంటే ఆ డిపార్ట్‌మెంట్ హెడ్ అనుకునేరు. కాదు. రిటైరైన హెడ్ కానిస్టేబుల్. ఉద్యోగం చివరి ఏళ్ళన్నీ ఒక స్టేషన్లో ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ గోడు వినడమే ఆమె పని. రిటైరయ్యాక విద్యార్థులను బస్తీలకు తీసుకెళ్ళడానికి వారానికి రెండు రోజులు రమ్మని డిపార్ట్‌మెంట్ వాళ్ళు అడిగారు. లాలాపేట్ నుంచి బస్సులో వచ్చేది. పిల్లలు పెట్టిన పేరే హెడ్ మేడమ్.

రెండేళ్ళ కిందట నేను అక్కడికి విజిటింగ్ రీసెర్చర్‌గా ఆరు నెలలు వెళ్ళాను. తార్నాకలో ఒక మేడ మీద గది తీసుకున్నాను. ఇంట్లో దెబ్బలు తిని, స్టేషన్ దాకా వెళ్ళి, ఫిర్యాదు ఇవ్వకుండానే తిరిగొచ్చిన ఆడవాళ్ళ గురించి నా పని. గుంటూరు నుంచే ప్రశ్నల పత్రం తయారుచేసుకుని తెచ్చుకున్నాను. దాన్ని చూసుకుని మురిసిపోయేదాన్ని కూడా.

డిపార్ట్‌మెంట్ వరండాలో కూర్చుని హెడ్ మేడమ్ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. కళ్ళజోడు తీసి అడిగింది.

"బిడ్డా, ఫిర్యాదు ఎందుకు ఇయ్యలేదు అని రాసినవ్. గట్లడిగితే తప్పు ఆమెదే అన్నట్టుంటది కదా?"

"మరెలా అడగమంటారండీ?"

"ఆ రోజు ఏమైంది అని అడుగు. అడిగి ఊకో. మిగతదంత ఆమెనే చెప్తది."

ఆ పత్రం ఆ రోజే పక్కన పడేశాను. ఇప్పటికీ మా విద్యార్థులకు నేను నేర్పే మొదటి ప్రశ్న అదే.

ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయటే చేతి గడియారం తీసి సంచిలో వేసుకునేది. "గడియారం చూస్తే వాళ్ళు బిరబిర చెప్పి ముగిస్తరు" అనేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, వాళ్ళెక్కడ కూర్చుంటే అక్కడే. మాట్లాడుతున్నప్పుడు రాయనిచ్చేది కాదు. బయటికొచ్చాక తార్నాకలో ఇరానీ హోటల్లో ఛాయ్ ముందు పెట్టుకుని, "ఇప్పుడు రాయి" అనేది. నేను ఒక్క మాట మార్చి రాసినా పట్టేసేది.

ఒక మధ్యాహ్నం మాణికేశ్వర్ నగర్లో ఒకావిడ ఇంటికి వెళ్ళాం. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్‌లో చపాతీలు చేస్తుంది. భర్త కొడితే మణికట్టు విరిగింది. వాచిన చేత్తోనే స్టేషన్‌కు నడిచివెళ్ళింది. ఆ రోజు ఏమైందని అడిగాను. ఆవిడ నా వైపు కాకుండా హెడ్ మేడమ్ వైపు తిరిగింది.

"ముందు బల్ల కాడ ఒక మేడమ్ ఉండె. ఇంటి లొల్లి ఇంట్లనే చూసుకోన్రి, పో అన్నది. గా మాట అన్నది మీరే కదా మేడమ్?"

హెడ్ మేడమ్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నేనే అనుంటా. ఆ బల్ల కాడ నేనే ఉంటుంటి" అంది. "తప్పయింది చెల్లె."

ఆవిడ క్షమించానని చెప్పలేదు. సరిగ్గా అతకని ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, "పొద్దుమీకింది, నేను డ్యూటీకి పోవాలె" అని లేచింది.

ఆ సాయంత్రం హోటల్లో హెడ్ మేడమ్ ముందు ఛాయ్ చల్లారిపోయింది. "ఆమె మొఖం నాకు యాదికి లేదు బిడ్డా. అన్నదానికంటే గదే పెద్ద తప్పు" అంది. నేను ఓదార్పుగా, "ఈ ఒక్కటీ రిపోర్టులో రాయనండీ, తీసేస్తాను" అన్నాను. ఆమెకు కోపం రావడం అప్పుడే మొదటిసారి చూశాను.

"ఊరోళ్ళయన్ని రాస్తవ్, నాది తీసేస్తవా? ఆమె ఎట్ల చెప్పిందో అట్లనే రాయి."

రాశాను.

వారం తిరగకుండానే ఆ మెస్ ఆవిడ డిపార్ట్‌మెంట్ వరండాలోకి వచ్చింది. కంటి కింద కమిలిపోయి ఉంది. "మళ్ళ కొట్టిండు మేడమ్. ఈసారి నాతోని వస్తరా?" అని నేరుగా ఆమెనే అడిగింది. ముగ్గురం ఆటో ఎక్కాం. స్టేషన్లో ముందు బల్ల దగ్గరున్న కుర్ర కానిస్టేబుల్ ఒకప్పుడు హెడ్ మేడమ్ చేతికిందే పని నేర్చుకుందట, లేచి నిలబడి "నమస్తే మేడమ్, లోపలికి రాన్రి" అంది.

"నాకొద్దు. నేను ఈమెతోని వచ్చిన. ఈమెకు కుర్చీ వెయ్యి. ఈమె చెప్పింది చెప్పినట్టు రాయి."

తను మాత్రం గోడవార బెంచీ మీద, వచ్చిపోయే జనంతో పాటు కూర్చుంది. ఎఫ్ఐఆర్ కాగితం చేతికొచ్చే దాకా లేవలేదు. ఆ కాగితాన్ని మెస్ ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించింది. ఆవిడ ఇప్పుడు భర్తకు దూరంగా హబ్సిగూడలో చెల్లెలి దగ్గర ఉంటోంది. కేసు నడుస్తోంది.

నేను వచ్చేసే ముందు డిపార్ట్‌మెంట్లో సెమినార్ పెట్టారు. ఆ సంఘటన చదువుతూ నేను "ఒక ఉద్యోగిని" అన్నాను. వెనక వరుసలో హెడ్ మేడమ్ లేచి నిలబడింది.

"ఆ ఉద్యోగిని ఎవరో కాదు. ఆ మాట అన్నది నేనే."

ఒక అమ్మాయి ధైర్యం చేసి, "ఎందుకన్నారు మేడమ్?" అని అడిగింది.

"ఆమె మీద కోపం లేదు బిడ్డా. ఆ రోజు బల్ల మీద కాగితాలు శానా ఉండె, ఇంకొకటి వద్దనుకున్న. గంతే. మీరు రేపు ఆఫీసర్లయితరు. మీ బల్ల మీద కూడ కాగితాలు ఉంటయ్."

అంతే చెప్పి కూర్చుంది. నా పరిశోధన మొత్తంలో అంత తేటగా ఒక్క వాక్యం కూడా లేదు.

మొన్న మంగళవారం నేను లాలాపేట్‌లో ఆమె ఇంటికి చేరేసరికి దహనం కూడా అయిపోయింది. హెడ్ మేడమ్ చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. గడప పక్కన మెస్ ఆవిడ కూర్చుని ఉంది. "నాకు మంచి చేసింది, చెడు చేసింది. రెండూ దాయలే" అంది నాతో. అంతకన్నా బాగా ఆమె గురించి నేను చెప్పలేను.

ఆఖరిసారి హెడ్ మేడమ్‌ను చూసింది నేను ఊరికి బయలుదేరిన రోజున. తార్నాక చౌరస్తాలో సిగ్నల్ పనిచేయడం లేదు. ఆటోలు, బైకులు, బస్సులు ఎటుపడితే అటు దూరుతున్నాయి. నలుగురు విద్యార్థినులు రోడ్డు దాటలేక నిలబడిపోయారు. మెట్రో వంతెన నీడలోంచి ఆమె ముందుకొచ్చింది. నీలం నేత చీర, భుజాన సంచి. ఎటూ చూడకుండా కుడిచెయ్యి పైకెత్తింది. ఉప్పల్ వైపు వెళ్ళే బస్సు కీచుమని ఆగింది, దాని వెనక అన్నీ ఆగాయి. ఆడపిల్లలు నలుగురూ దాటేశారు. ఆమె మాత్రం ఎత్తిన చెయ్యి దించకుండా రోడ్డు మధ్యలోనే నిలబడి, దాటకుండా ఇంకా ఎవరైనా మిగిలిపోయారేమోనని వెనక్కి తిరిగి చూస్తోంది.