నాకూ అక్కయ్య

ఎవరికి ఏ జబ్బు వచ్చినా అది తనకూ ఉందనేది అక్కయ్య. అందుకే రెడీమేడ్ బట్టలు కుట్టే ఆ హాల్లో ఆవిడకు ‘నాకూ అక్కయ్య’ అనే పేరు స్థిరపడిపోయింది.

కటింగ్ మాస్టరు పంటినొప్పి అంటే చాలు, తనూ దవడ పట్టుకునేది.

“ఏ పన్నక్కయ్యా?”

“నీదేది?”

“కింద, కుడివైపు.”

“నాదీ అదే!”

ఆ పన్ను ఆవిడ పీకించుకుని ఏళ్లయింది! ఒకసారి వాచ్‌మన్ తాత ప్రోస్టేటు వాచిందని మొరపెట్టుకుంటే, “నాకూ వాచింది తాతా, మందులు వాడుతున్నా” అని ఓదార్చింది. హాల్లో మిషన్లన్నీ టక్కున ఆగిపోయాయి. తాత ఒక్కడే నవ్వకుండా, “జాగ్రత్త తల్లీ” అన్నాడు.

గుండీలు కుట్టే కొత్తమ్మాయికి మాత్రం నవ్వే ఓపిక లేదు. కూర్చుంటే ముళ్లమీద ఉన్నట్టుంది, నడిస్తే మంట. చెప్పుకోలేని చోట చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఫోన్లో వెతికితే కనబడ్డ జబ్బుల పేర్లకి గుండె జారిపోయింది. చూడబోతే కొత్త కాపురం. మొగుడేమనుకుంటాడో!

అక్కయ్య ఆమెను బాత్రూం దగ్గర పట్టుకుంది. “ఏమిటే, కుర్చీలో అలా మెలికలు తిరుగుతున్నావ్?”

“ఏం లేదక్కయ్యా... కింద... పొక్కులు.”

“ఓసినీ, నాకూ అక్కడే! దురదతో చస్తున్నా. డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నీ వెళ్లాలంటే సిగ్గేస్తోంది. తోడు రావే!”

క్లినిక్‌లో నర్సు “ఏమిటి ప్రాబ్లెం?” అనడమే ఆలస్యం, “యోని దగ్గర పొక్కులమ్మా, నాకు!” అని అక్కయ్య బల్లగుద్దినట్టు చెప్పింది. బెంచీల మీదివాళ్లంతా ఆవిణ్ణే గుడ్లప్పగించి చూశారు. అమ్మాయి వైపు ఒక్కరూ చూడలేదు. ఆ పిల్ల తోడొచ్చిన మనిషిలా దర్జాగా లోపలికి నడిచింది.

డాక్టరమ్మ అమ్మాయిని పరీక్ష చేసి, “రేజరు వాడావా?” అంది.

“ఆఁ.”

“అదే సంగతి. వెంట్రుకలు లోపలికి తిరిగి చర్మం రేగింది. భయపడాల్సిన జబ్బేం కాదు. గిల్లకు. కొన్నాళ్లు రేజరు ముట్టకు. వాసన సబ్బులు మానేసి, వదులుగా ఉండే కాటన్‌వి వేసుకో. చీము పట్టినా, జ్వరమొచ్చినా వెంటనే రా.”

అమ్మాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

“ఇక మీరు రండి,” అంది డాక్టరమ్మ, గ్లవ్స్ మార్చుకుంటూ.

అక్కయ్య గుమ్మం వైపు జరిగింది. “నాకేం లేదండీ. గుండ్రాయిలా ఉన్నాను.”

“మరి బయట ఊరంతా వినేలా చెప్పారేం?”

“ఎవరో ఒకరు చెప్పాలి కదండీ. పిచ్చిపిల్లకి నోరు పెగల్లేదు. నాదేం పోయింది?”

బయటికి రాగానే, బెంచీ చివర కూర్చున్న ఒకావిడ అక్కయ్య కొంగు పట్టుకుని గుసగుసగా, “మీకేమందండీ డాక్టరమ్మ?” అని అడిగింది. అక్కయ్య నోరు తెరిచేలోగా అమ్మాయి అడ్డం వచ్చింది.

“ఈవిడకు కాదండీ, వచ్చింది నాకు. కాస్త జరగండి, చెబుతాను.”