మావయ్య ఆగమన్నాడు

రెండువేల సంవత్సరం ప్రాంతంలో రాయగడలో చింతపండు వ్యాపారం చేసేవాణ్ణి. మా దగ్గర పెద్ద వ్యాపారి ఆగమంటే చిన్నవాళ్లం సరుకు అమ్మకుండా ఆగుతాం. ఆ పెద్ద వ్యాపారి మా మావయ్యే. ఆయన మాట మీదే, ఆయన కొన్న ఒక చిన్న కంపెనీ షేర్లు నేనూ కొన్నాను.

ఒకరోజు షేర్ల ఆఫీసులో రేటు జారుతుంటే అమ్మేస్తానన్నాను. మావయ్య నా చెయ్యి పట్టుకుని, "ఆగరా" అని లోపలి గదిలోకి వెళ్లాడు.

కాసేపటికి లోపల్నుంచి, కంప్యూటర్లో షేర్లు కొని అమ్మే ఆపరేటర్ మాట వినిపించింది. "మీ షేర్ల లాటంతా ఒక్కసారే అమ్మీసేను బాబూ. రేటు పడిపోయింది, ఇంక కొనీవోడు లేడు."

మావయ్య బయటికొచ్చి తాపీగా చెప్పులు వేసుకున్నాడు. "నాది పెద్ద లాటురా. నువ్వు ముందు అమ్మీస్తే నాకు రేటొస్తాదేటి?"

ఇప్పటికీ చింతపండు సీజన్లో ఆయన నన్ను ఆగమంటాడు. నేను ఆ పూటే అమ్మేస్తాను.