వలకెన్ని కన్నులు?

లెక్కలు చెప్పడానికి ఆటలేమిటని మొదట నవ్విందాన్ని నేనే. పంచాయతీ సమితులు వచ్చిన కొత్తల్లో, కావలిలో ఉపాధ్యాయుల సమావేశం జరిగినప్పుడు కరుణమ్మ ఈ సంగతి చెప్పింది. మేమిద్దరం ట్రెయినింగు స్కూల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ళం. నేను కావలి దగ్గర వరి పండే ఊళ్ళో రెండో తరగతికి చెప్తాను. ఆమె పులికాట్ సరస్సు ఒడ్డున ఒక కుప్పంలో, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లెలో, ఒంటి చేత్తో బడి నడుపుతుంది.

"గవ్వలతో, ఈనెపుల్లలతో బొమ్మలు పేర్చి చిక్కుప్రశ్నలు వేస్తాను. లెక్క దాంట్లోంచే లాగుతాను" అంది.

"మరి ఎక్కాలో?" అన్నాను.

"వచ్చి చూడు" అంది. ఆ మాటలో నవ్వు లేదు. బళ్ళో పాఠాలు లేవు, ఆటలే ఉన్నాయని ఎవరో పైకి ఫిర్యాదు చేశారట. వచ్చే శుక్రవారం డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. ఆయన ఆటలు ఆపమంటే, వాటికోసం వచ్చే పిల్లలు మళ్ళీ రొయ్యలు ఏరడానికి పోతారు. పిల్లలు లేని బడిని సమితివాళ్ళు ఇంకో ఊరికి మార్చేస్తారు. "ఒక్కదాన్నే ఉండాలంటే భయంగా ఉంది. నువ్వు పక్కనుంటే బాగుంటుంది" అంది.

మూడు రోజులు సెలవు పెట్టాను. "బడి ఎగ్గొట్టి బడి చూడ్డానికి పోయేదాన్ని నిన్నే చూశాను" అని మావారు ఎగతాళి చేశారు.

గురువారం తెల్లవారే ప్యాసింజరు ఎక్కాను. మూడో తరగతి ఆడవాళ్ళ పెట్టె. బొగ్గు నుసి కంట్లో పడకుండా ఇంజనుకు వీపుపెట్టి కూర్చున్నాను. నెల్లూరులో ఇడ్లీ పొట్లం కొనుక్కున్నాను. ఇడ్లీలు చల్లగా, చట్నీ వేడిగా ఉన్నాయి. ఎందుకలా ఉన్నాయో ఇప్పటికీ తెలియదు. నెల్లూరులోనే ఎక్కిన ఒకామె తమలపాకుల బుట్ట నా కాళ్ళమీద సగం ఆనించి పలకరించింది.

"యాడికమ్మా పోతుండావు?"

"బడి చూడ్డానికి."

"బళ్ళో చూసేదానికి ఏముండాది?" అని ఆశ్చర్యపోయి, నామీద జాలిపడి రెండు ఆకులిచ్చింది.

మధ్యాహ్నానికి సూళ్లూరుపేటలో దిగాను. స్టేషను ఎదుట హోటల్లో భోజనం బాగానే ఉంది. వడ్డించేవాడి మాటల్లో మాత్రం సగం అరవం. అక్కణ్ణించి జట్కాలో సరస్సు ఒడ్డుకు, తర్వాత గడపడవలో కుప్పానికి. వెళ్ళదలచినవాళ్ళు తాగే నీళ్ళు వెంట తీసుకెళ్ళాలి, చెప్పులు సంచీలో పెట్టుకోవాలి. ఎందుకంటే సరస్సు చాలాచోట్ల మోకాలి లోతే. దారి మధ్యలో పడవ బురదలో కూరుకుంది. పడవవాడు గడ పక్కన పెట్టేసి, "దిగమ్మా. నడిస్తే నువ్వే ముందు పోతావు" అన్నాడు. చీర ఎత్తి పట్టుకుని దిగాను. దూరంగా ఎర్రకాళ్ళ కొంగలు గుంపుగా నిలబడి ఉన్నాయి. ఆ నీళ్ళలో నాకంటే అవే హుందాగా నడుస్తున్నాయి.

బడి ఒక తాటాకు పాక. నల్లబల్ల పక్కనే గోడకు ఒక పాత వల ముక్క వేలాడుతోంది. నేను చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది, అయినా పిల్లలు ఇంటికి పోలేదు. అదే నాకు మొదటి వింత. మా బళ్ళో గంట కొట్టేవాడి చెయ్యి లేవకముందే పిల్లలు వీధిలో ఉంటారు.

కరుణమ్మ ఇసకలో గవ్వలు పేర్చింది: పైన ఒకటి, దానికింద రెండు, తర్వాత మూడు, అడుగున నాలుగు. "కొన పైకుంది. మూడే గవ్వలు జరిపి కొన కిందికి తేవాలి" అని నావైపు చూసింది. కూర్చున్నాను. జరిపాను. మళ్ళీ సర్దాను. పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆఖరికి పోలమ్మ అనే ఎనిమిదేళ్ళ పిల్లకు నామీద దయ కలిగింది.

"మూలలు జూడండి టీచరమ్మా. నడిమివి కదపబాకండి."

మూడు మూలల గవ్వలూ జరిపాను. బొమ్మ తలకిందులైంది. నాకు చిన్నపిల్లలా సంతోషం వేసింది. దాచుకోవడమెందుకు, చప్పట్లు కూడా కొట్టాను. "పైన ఇంకో వరుస పేరిస్తే మొత్తమెన్ని?" అని కరుణమ్మ అడిగింది. ఎవరూ వేళ్ళు మడవకుండానే "పదహైదు" అన్నారు.

తర్వాత ఆమె బల్లమీద ఒక చదరం గీసి, అడ్డంగా నిలువుగా ఒక్కో గీత పెట్టింది. "ఎన్ని గళ్ళు?" కొత్తగా చేరినవాళ్ళు నాలుగన్నారు. పోలమ్మ చుట్టూ ఉన్న గీత వెంట వేలు తిప్పి, పెద్ద గడి కూడా కలిపి ఐదంది. తర్వాత అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్ళ బొమ్మ. దానికోసం వాళ్ళు దెబ్బలాడుకున్న తీరు చూడాలి! చీకటి పడేలోగా పధ్నాలుగని తేల్చారు. ఎవరూ వాళ్ళకు చెప్పలేదు.

ఆ పూట చేపల పులుసు. తినేముందు కరుణమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఎప్పటికంటే పొడుగ్గా చేసుకుంది, పులుసు చల్లారిపోయింది.

శుక్రవారం పది గంటలకు ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. బూట్లు చేతిలో ఉన్నాయి, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఆయన పడవ కూడా కూరుకుందన్నమాట. కరుణమ్మ నావైపు చూసి కళ్ళతోనే అయిపోయిందంది.

ఆయన కుర్చీలో కూర్చుని, కాళ్ళు తుడుచుకుని, గోడమీది వలను, బల్లమీది బొమ్మను మార్చి మార్చి చూశారు. పిల్లలు బెదరకూడదనుకున్నారేమో, మెత్తగానే అడిగారు. పోలమ్మను లేపి, బల్లమీది మొదటి చదరం చూపించి, "అమ్మాయీ, ఈ వలకెన్ని కన్నులు?" అన్నారు.

"నాలుగు సార్."

నిన్న ఐదన్న పిల్లే ఇది!

"తప్పు" అన్నారాయన. కరుణమ్మ చీర చెంగు చేతికి చుట్టుకుంటోంది.

పోలమ్మ కూర్చోలేదు. "తప్పు కాదు సార్. గళ్ళంటే ఐదు. మీరు కన్నులన్నారు గదా, కన్నులైతే నాలుగే. పెద్దదాని నడిమిన దారముండాది. చేప దూరనిది కన్నెట్టయితాది?"

ఆయన లేచి వల దగ్గరికి వెళ్ళి, ఒక కన్నులో వేలు పెట్టి చూశారు. నాలుగు కన్నులు కలిపి పట్టుకుని మళ్ళీ చూశారు. తర్వాత, దేవుడి దయ, నవ్వారు. "నేనే ప్రశ్న తప్పడిగాను. కూర్చోమ్మా" అన్నారు.

వెళ్ళేముందు మాత్రం తేల్చి చెప్పారు. "చూడండి కరుణమ్మ గారూ, ఆపమని నేను రాయను. అలాగని కొనసాగించమనీ రాయలేను. ఇది సరస్సు ఒడ్డు పిల్లలకు చెల్లింది, వలలున్నాయి, గవ్వలున్నాయి. ఇంకోచోట ఇంకెవరైనా చేసి చూపిస్తే అది పద్ధతి. లేకపోతే మీ ఒక్కరి సరదా. వేసవి సెలవుల్లోగా చూద్దాం."

"నేను చేసి చూపిస్తానండీ" అన్నాను. నోరు మనసును అడగలేదు.

"ఏ ఊరు మీది?" చెప్పాను. "అక్కడ వలలెక్కడివి?" అన్నారు. కరుణమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాంతో ఇంకా భయమేసింది.

శనివారం పొద్దున సూళ్లూరుపేటలో రైలెక్కాను. ఈసారి ఆడవాళ్ళ పెట్టె కిటకిటలాడుతుంటే మామూలు పెట్టెలో కూర్చున్నాను. కరుణమ్మ ఇచ్చిన సుద్దముక్క గుప్పిట్లో చెమటకు తడుస్తోంది. గవ్వలు పట్టుకెళ్ళొచ్చు, కానీ మా పిల్లలకు అవి తిరునాళ్ళలో కొన్న బొమ్మల్లాంటివే. వాళ్ళు పుట్టినప్పటినుంచీ చూస్తున్నదేమిటి? తోచలేదు. ఊరికే పక్కనున్న బల్లచెక్కమీద ఆ చదరమే గీశాను.

గూడూరులో ఎక్కిన ఒక రైతు ఎదురుగా కూర్చుని చాలాసేపు దానివంక చూశాడు. మాసిన తలగుడ్డ, ఒళ్ళో చెంబు.

"ఎవురి మళ్ళమ్మా అవి?" అన్నాడు.

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బొమ్మమీదికి వంగాను. అవును కదా, గీతలు గట్లు, గళ్ళు వరిమళ్ళు!

"ఎన్ని మళ్ళు అన్నా?" అని అడిగాను.

"నాలుగు. మాదీ ఇట్టానే నాలుగు చేసినాము, నలుగురన్నదమ్ములం. మొన్ననే గట్లు పోసినాము." చెంబు పక్కన పెట్టి, "మా నాయన ఉండంగా ఒకటే" అన్నాడు.

నాలుగూ ఒకటీ ఐదు. నేను నోరు తెరిచేలోగా ఆయన వేలు పెట్టి చూపించసాగాడు. "తూరుపు తట్టు రెండూ కలిస్తే ఒక మడి. పడమట రెండూ ఇంకోటి. ఉత్తరానవి, దక్షిణానవి... ఇద్దరిద్దరం కలిసి చేసుకున్నా నీళ్ళకి ఇబ్బందుండదు. ఎవురింటారు?"

నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. నాలుగు, ఒకటి, నాలుగు. తొమ్మిది. కరుణమ్మ పిల్లలు కూడా ఇంత దూరం రాలేదు. కానీ ఆ ముఖం చూశాక ఆ మాట అనబుద్ధి కాలేదు.

బిట్రగుంటలో ఆయన లేచాడు. దిగబోతూ వంగి, బొటనవేలితో మధ్యలో ఉన్న గీతలు రెండూ తుడిచేశాడు. "చూడమ్మా, ఎంత మడో" అని దిగిపోయాడు.

కావలి వచ్చేదాకా ఆ ఒక్క గడి బల్లమీద అలాగే ఉంది. సోమవారం మా పిల్లలను బడి వెనక చేలగట్టు మీదికి తీసుకెళ్తాను. మొదటి ప్రశ్న సిద్ధంగా ఉంది, అందులో ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా అడగాలి. ఎన్ని మళ్ళున్నాయని కాదు, ఎన్ని మళ్ళు కాగలవని.