ఆయన ఎదుట తిన్న ఆదివారాలు

మా పక్కింటి అంకుల్ పోయారన్న కబురు వచ్చేసరికి నా నోట్లో ముద్ద ఉంది. మధ్యాహ్నం ఆఫీసు కింది ఫుడ్‌కోర్టులో భోజనానికి కూర్చున్నాను. ఫోన్‌లో ఆంటీ పేరు చూసి ఎత్తాను. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"తింటున్నవా బిడ్డా?"

"ఆఁ ఆంటీ, ఇప్పుడే కూర్చున్నా. చెప్పండి."

"తిను. తిన్నంకనే రా. మీ అంకుల్ పోయిండు."

ఆ ముద్దను మింగాలో ఉమ్మేయాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయాను. చివరికి మింగాను. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఆ మింగడమే గుర్తొస్తోంది. చివరి రోజుల్లో మంచినీళ్ళు కూడా గొంతు దిగని మనిషి పోయాడని వింటూ నేను అన్నం మింగాను.

మేమొచ్చి స్థిరపడిన ఈ పరాయి దేశంలో, జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకులో, మా అంతస్తులోనే వాళ్ళ ఫ్లాటు. హన్మకొండ వాళ్ళు. ఆయన జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయనాల ప్లాంటులో ఇంజనీరుగా చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యారు. పిల్లల్లేరు. ఈ పడమటి వైపు కాపురముండే తెలుగువాళ్ళకు మాత్రం ఆయన ఉద్యోగమేమిటో అంతగా గుర్తుండేది కాదు. ఊరి నుంచి చుట్టాలొస్తే ఎక్కడికి తీసుకెళ్ళి తినిపించాలో చెప్పే మనిషిగానే ఆయన అందరికీ తెలుసు. ఫోన్ చేసి "అంకుల్, రేపెక్కడ తినమంటారు?" అంటే వెంటనే కొట్టు పేరు చెప్పేవారు కాదు. "ఎవరు తింటరు?" అని అడిగేవారు. కట్టుడు పళ్ళ అత్తగారా, కారం లేనిదే ముద్ద దిగని బావగారా, అన్నిటికీ మొహం చిట్లించే పిల్లాడా, అన్నీ కనుక్కునేవారు. ఆ తర్వాతే ఫలానా బ్లాకు కింద, ఫలానా మూల, ఇన్నింటికి వెళ్ళమని చెప్పేవారు.

నన్ను ఈ ఊళ్ళో తిండికి అలవాటు చేసింది ఆయనే. గుంటూరు నుంచి వచ్చిన కొత్తల్లో నేను కడుపుతో ఉన్నాను. కింద తిండి కొట్లుండే కాఫీషాపు పక్కనుంచి నడవాలంటే ముక్కు మూసుకునేదాన్ని. నూనె వాసన, ఎండు రొయ్యల వాసన, ఏదీ పడేది కాదు. పెరుగన్నం, ఆవకాయలతో రోజులు నెట్టుకొస్తున్నాను. ఒక ఉదయం ఆయన కారిడార్‌లో ఎదురుపడి, "ఏం బిడ్డా, గింత చిక్కినవ్?" అన్నారు. ఆ సాయంత్రమే ఆంటీనీ నన్నూ కింది కాఫీషాపుకు తీసుకెళ్ళారు. నా ముందు తెల్లటి గిన్నె పెట్టి, "గిది గంజి. మన గంజే. జర అల్లం ఏసిండ్రు, గంతే. భయపడకు" అన్నారు. భయపడుతూనే ఒక చెంచా తిన్నాను. తలెత్తి చూస్తే ఆయన తన గిన్నె ఇంకా ముట్టుకోలేదు. నా మొహమే చూస్తున్నారు. నేను రెండో చెంచా తీసుకున్నాకే ఆయన మొదలుపెట్టారు. ఆ అలవాటు ఎవరితో తిన్నా ఉండేది. ఎదుటివాళ్ళకు నచ్చిందని తెలిస్తేనే ఆయనకు ఆకలి పుట్టేది.

ఫోటోలు అతికించిన బోర్డులను ఆయన నమ్మేవారు కాదు. "ముసలోళ్ళు కూసున్న కాడ కూసో, వాళ్ళను మోసం చేసే కొట్టు నిలవది" అనేవారు. కొట్లవాళ్ళతో వచ్చీరాని మలయ్, వచ్చీరాని చైనీస్ మాట్లాడేవారు. వాళ్ళూ నవ్వుతూ ఆయనకొచ్చిన భాషలోనే జవాబిచ్చేవాళ్ళు.

అలాంటి మనిషికి అన్నవాహికలో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేశారు, మందులిచ్చారు, ఇంకా ఏవేవో చేశారు. చివరికి నోటితో ఏమీ తీసుకోకూడదని, పొట్టకు ఒక గొట్టం అమర్చి పంపారు. డబ్బా పాలు అందులోంచి పోయాలి. గొంతు బొంగురుపోయింది గానీ మాట మిగిలింది. ముక్కు మాత్రం ఎప్పటిలాగే చురుగ్గా ఉంది.

ఒకరోజు మా లిఫ్టు మరమ్మతులో ఉందని మెట్లెక్కి వస్తున్నాను. మా అంతస్తుకు కింది మలుపులో ఆంటీ గోడకానుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో స్టీలు డబ్బా. అందులో చల్లటి అన్నం, కాస్త పచ్చడి.

"ఇక్కడ కూర్చున్నారేంటి ఆంటీ?"

ఆమె దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు మూత పెట్టేశారు. "ఇంట్ల తింటే వాసనొస్తది బిడ్డా. పోపు ఎన్నడో బందు చేసిన. కుక్కర్ కూతేసినా ఆయన వంటింటి దిక్కు చూస్తడు. ఆయన ముంగట నేనెట్ల తినాలె, చెప్పు?" డబ్బాను కొంగు చాటుకు లాక్కుని, "ఆయనతోని చెప్పకు" అన్నారు.

ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారడం అప్పుడు చూశాను. పక్కింట్లోనే ఉంటూ, ఆమె అంత చిక్కిపోయిందని గమనించనే లేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో పోపు పెట్టబోయి ఆగాను. కారిడార్‌లోకి వాసన వెళుతుందేమోనని కిటికీలన్నీ మూసి వండాను. 

కొన్నాళ్ళకు ఆంటీ మందుల కోసం బయటికెళ్తూ, ఆయన దగ్గర కూర్చోమని నన్ను పిలిచారు. తలుపు మూసుకోగానే అంకుల్ అడిగారు.

"మీ ఆంటీ యాడ తింటున్నది?"

నేను ఆయన దుప్పటి సర్దబోయాను.

"మెట్ల మీదనేనా?"

"మీకెలా తెలుసు అంకుల్?"

"చెత్త పడేసొస్త అని పోతది. వంట లేని ఇంట్ల గంత చెత్త యాడిది?" అని నవ్వబోయి దగ్గారు. దగ్గు తగ్గాక, "రోగం నాది. ఉపాసం ఆమెదా? ఆదివారం బయటికి పోదాం. మీరూ రావాలె. మీరొస్తెనే ఆమె వస్తది" అన్నారు.

"అంకుల్, మీ ముందు మేమెలా తింటాం?"

"నోటితోని" అన్నారాయన.

ఆ ఆదివారం టాక్సీలో జురాంగ్ ఈస్ట్ వైపు తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే ఒక హాకర్ సెంటర్‌కు వెళ్ళాం. ఆయన, ఆంటీ, నేను, మా వారు, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి. బయలుదేరే ముందే ఆంటీ గొట్టంలోంచి పాలు పోశారు. చేతికర్ర ఆసరాతో ఆయనే కొట్టు దగ్గరికి నడిచారు. చేపల సూప్ కొట్టతను ఆయన్ను గుర్తుపట్టి, "అంకుల్! లాంగ్ టైమ్! సేమ్ సేమ్?" అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపి ఆంటీ వైపు చూపించారు. "ఫర్ మై వైఫ్."

గిన్నెలు వచ్చాయి. ఎవరమూ చెంచా ముట్టలేదు. చుట్టూ వందమంది తింటున్న చోట మా బల్ల ఒక్కటే చప్పుడు లేకుండా ఉంది. సూప్ మీద పొగ సన్నబడింది. ఆంటీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నేనింత దూరమొచ్చింది చల్లారిన సూప్ చూడనీకా?" అంకుల్ గొంతు లేపబోయారు గానీ అది లేవలేదు. ఆంటీ చేతిలో చెంచా తనే పెట్టారు. "నువ్వు తినకపోతే నా బీమారి తగ్గుతదా? తగ్గుతదంటే చెప్పు, లోకంల అందరి పొయ్యిలు బందు పెట్టిస్త."

ఆంటీ ఏడుస్తూనే ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. ఆయన ముందుకు వంగారు.

"అల్లం సరిపోయిందా?"

"జర ఎక్కువైంది."

"నాకెర్కే! ఆదివారం కొట్టాయన కొడుకు చేస్తడు. వాని చెయ్యి పెద్దది!" ఆపరేషన్ తర్వాత ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. ఆంటీ ఇంకో చెంచా తీసుకున్నారు. ఆ తర్వాతే మాకు ధైర్యం వచ్చింది.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. ఎక్కడికెళ్ళాలో, ఎవరికేం తేవాలో ఆయనే చెప్పేవారు. బావుందా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. బావుందంటే ఆయనకు ఏమీ అందదు. పరోటా అంచు కరకరలాడిందా, లోపల పొరలు విడిపోయాయా, కూరలో చింతపండు ముందు తగిలిందా, కారం ముందు తగిలిందా అని అడిగేవారు. చెప్పాలి గనక నేను ఆగి, నమిలి, ఆలోచించి తినేదాన్ని. నిజం చెప్పొద్దూ, నా జన్మలో తిండి అంత రుచిగా ఎప్పుడూ తినలేదు. అదే నాకు మింగుడుపడదు. ఆయన ఆకలి మీద నా నాలుక పదునెక్కింది.

ఒకసారి మరీ రుచిగా ఉన్న ఫ్రైడ్ నూడుల్స్ తిని, ఆయన ముఖం చూడలేక, "ఇవాళ అంత బాలేదు అంకుల్" అన్నాను.

ఆయన నా ప్లేటు వైపు చూశారు. "అబద్ధం చెప్పకు బిడ్డా. నా గొంతు పోయింది గని కండ్లు పోలే. ప్లేటుకంటుకున్న మిర్చి గూడ గీరినవ్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మొహం దాచుకోవడానికి.

మేము పెద్దవాళ్ళం అడగలేని మాట మా అమ్మాయి అడిగేసింది. "తాతా, మేం తింటుంటే నీకు సాడ్‌గా ఉండదా?"

నేను దాని తొడ మీద గిల్లాను. అంకుల్ నన్ను వారించి, "ఉంటది. ఎందుకుండదు?" అన్నారు.

"మరి ఎందుకొస్తావ్?"

"ఇంట్ల కూసున్నా ఉంటది గదా. ఈడనైతే మీరందరుంటరు."

అది ఇక్కడి బళ్ళో పట్టుబడిన యాసలో, "ఓకే లా, అయితే నేను స్లోగా తింటా. నువ్వు చూడొచ్చు" అంది. అన్నట్టే ఆ రోజు ఒక్కో గింజా ఏరుకుంటూ తింది. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎక్కడికీ తొందర లేనట్టు, చివరి దాకా చూశారు.

ఆంటీ గాజులు మళ్ళీ మణికట్టు దగ్గర నిలిచాయి. అంకుల్ మాత్రం వారం వారం తగ్గిపోతూ వచ్చారు.

చివరి ఆదివారం ఆయన లేవలేకపోయారు. మమ్మల్ని వెళ్ళి రమ్మన్నారు. ఆంటీ కదలనన్నారు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆమె చెప్పులేసుకున్న చప్పుడు వినిపించే దాకా ఇటు తిరగలేదు. మా వారు ఆయన దగ్గర ఉండిపోయారు. మేము ముగ్గురం కిందికి వెళ్ళి చికెన్ రైస్ తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాం. మిర్చి చట్నీ ఇంకొంచెం కావాలని ఆంటీ తనే కొట్టు దగ్గరికి వెళ్ళి, తెలుగూ మలయ్ కలిపి ఏదో అడిగారు. కొట్టతను గంభీరంగా తలూపి ఒక కోడి తలకాయ పొట్లం కట్టి ఇచ్చాడు. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఆంటీ కూడా మొదలుపెట్టారు. బల్ల పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, ఆగలేక నవ్వారు. అంతలోనే టక్కున ఆగి, చేత్తో నోరు మూసుకుని చుట్టూ చూశారు. నేనూ చూశాను. మమ్మల్ని ఎవరూ చూడటం లేదు. అయినా ఇద్దరమూ తలలు దించుకున్నాం.

ఇంటికొచ్చాక, ఇవాళ మేమేం తిన్నామని అంకుల్ అడగలేదు. అడిగే ఓపిక లేదనుకున్నాను. మా అమ్మాయే మంచం దగ్గరికెళ్ళి, "తాతా, అమ్మమ్మ ఇవాళ ఎంత నవ్విందో తెలుసా?" అంది.

"నవ్విందా?"

"లాంగ్ టైమ్ లా!"

"నవ్విందా," అన్నారాయన మళ్ళీ. ఈసారి అది ప్రశ్నలా లేదు. కళ్ళు మూసుకున్నారు. మందు వాసన నిండిన ఆ గదిలో నా చేతి నుంచి వెల్లుల్లి వాసన వస్తోందేమోనని నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.  ఆ వారంలోనే ఆయన పోయారు.

దహనం అయ్యాక వాళ్ళ ఇంట్లో అందరం చేరాం. ఎవరేం మాట్లాడినా ఆయన ఎక్కడ ఏం తినిపించారన్న దగ్గరికే వచ్చింది. ఒకరు ఆయన చూపించిన పరోటా కొట్టు గురించి చెప్తే, ఇంకొకరు తొలి జీతం రోజు ఆయన తినిపించిన సాతే గురించి చెప్పారు. బొగ్గుల మీద మాంసం కాలే వాసన దాకా వర్ణించారు. పొద్దుట్నుంచి ఎవరమూ ఏమీ తినలేదు. ఉన్నట్టుండి ఎవరిదో కడుపు పెద్దగా అరిచింది. ఎవరిదో తెలియలేదు గానీ గదిలో ఉన్న అందరమూ తప్పు చేసినట్టు ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నాం.

కర్మలన్నీ ముగిసి, వచ్చిన బంధువులు తిరిగి వెళ్ళారు. మొదటి ఆదివారం వచ్చింది. వాళ్ళ తలుపు దాకా వెళ్ళి బెల్లు మీద వేలు పెట్టి తీసేశాను. రండి ఆంటీ, తినడానికి వెళ్దాం అని ఏ నోటితో అనను? కాసిని ఆకుకూరలైనా తెచ్చి ఇద్దామని సంచీ పట్టుకుని మార్కెట్‌కు నడిచాను.

పక్క బ్లాకు కాఫీషాపులో, చివరి బల్ల దగ్గర, ఆంటీ ఒక్కరే కూర్చుని ఉన్నారు. ముందు లక్సా గిన్నె, కొబ్బరిపాల పులుసులో నూడుల్స్. కొబ్బరి అంకుల్‌కు గిట్టదు. అందుకే ఏ ఆదివారమూ మా బల్ల మీదికి అది రాలేదు. ఆంటీకి అదంటే ఇష్టమని ఇన్నేళ్ళలో నాకు తెలియదు.

పిలవబోయాను. పిలిస్తే ఆమె చెంచా కింద పెట్టేస్తారు. ఇటువైపు నుంచి ఎవరొస్తారోనని ఆమె మధ్యమధ్య తలెత్తి చూస్తున్నారు కూడా. నేను టీ కొట్టు ముందు నిలబడ్డవాళ్ళ వెనక్కి జరిగాను.

గిన్నెలోంచి పొగలు లేస్తున్నాయి. ఆమె ఇంకా కిందికి వంగి ఊదుకుంటూ తాగుతుంటే కళ్ళద్దాలు రెండూ తెల్లగా ఆవిరి పట్టేశాయి. ఆ అద్దాల్లోంచి ఇక ఎవరూ కనబడరు. ఆమె వాటిని తుడుచుకోలేదు. అలాగే తింటున్నారు.